సున్నా మీద ఉంచమన్నారు

మానవపాడు దిక్కున సీడ్ పత్తి చేను గట్టు మీద నలుగురు కూర్చుంటే ఈ కథ చెప్పుకోకుండా లేవరట. వనపర్తి నుంచి ఒక కాలేజీ మేడం వచ్చిందట. పెద్ద కెమెరా తెచ్చిందట. దాని మీద ఏదో గుండీ తిప్పి పసుపు పువ్వును తెల్లగా చేసి ఫోటో తీసిందట. ఆ ఫోటో చూసి కంపెనీవాళ్లు మోసపోయి ఆమె చెల్లెలి చేను వదిలేశారట.

ఈ కథ చెప్పేవాళ్లలో నన్ను తిట్టేవాళ్లున్నారు, మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. నా గొడవంతా మెచ్చుకునేవాళ్లతోనే. "మంచిపని చేసినవక్కా, ఆళ్లకు గట్లనే గావాలె" అంటూ భుజం తడతారు. అంటే నేను మోసం చేశానని ఖాయం చేసుకున్నాకే పొగుడుతున్నారు. అలాంటి పొగడ్త నాకు అక్కర్లేదు. నేను గుండీ తిప్పిన మాట నిజం. పసుపును తెలుపు చేసి ఎవరినో నమ్మించానన్నది అబద్ధం. జరిగింది జరిగినట్టు నేనే రాసి పెడుతున్నాను.

ముందు కెమెరా సంగతి. నేను వనపర్తిలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. పుస్తకంలోని బొమ్మలు చూపించి చూపించి విసుగొచ్చి, మన చుట్టుపక్కల పువ్వుల్నే ఫోటో తీసి చూపిద్దామని నాగర్‌కర్నూల్‌లో ఒక స్టూడియో ఆయన దగ్గర వాడిన డిజిటల్ కెమెరా కొన్నాను. ఆయన దాన్ని నా చేతికి ఇస్తూ ఉపదేశం కూడా ఇచ్చాడు.

"మేడం, గీ ప్లస్ మైనస్ అని రాసున్న గుండీ ఉంది జూడుండ్రి, దాని జోలికి పోకుండ్రి. సున్నా మీదనే ఉండనియ్యుండ్రి. సున్నా అంటే కరెక్టు."

"కరెక్టని ఎవరు జెప్పిండ్రు?"

"కెమెరానే చెప్తది గదా మేడం."

"మరి ఆ ప్లస్సు మైనస్సు పెట్టినోడు పనిలేక పెట్టిండా?"

ఆయన నా పక్కనున్న మా ఆయన వైపు తిరిగాడు. "సార్, మేడం లెక్చరరా?"

"ఇంట్ల గూడ" అన్నాడు మా ఆయన.

కొన్నాళ్లు నేనూ సున్నా మీదే ఉంచాను. మా పెరట్లో నందివర్ధనం పువ్వును దగ్గరగా తీసి క్లాసులో తెర మీద వేస్తే, ముందు బెంచీ పిల్ల "మేడం, వాడిపోయినంక తీసిండ్రా?" అని అడిగింది. నిజమే, తెర మీద పువ్వు బియ్యం కడిగిన నీళ్ల రంగులో ఉంది. పెరట్లో మాత్రం పాలలా మెరుస్తోంది. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను ముట్టొద్దన్నదాన్నే ముందు ముడతాను. గుండీ నొక్కిపట్టి, పక్కనున్న చక్రాన్ని ప్లస్ వైపు ఒక మెట్టు తిప్పాను. పువ్వు తెల్లబడింది. మా ఇంటి నల్లకుక్కను తీసినప్పుడు మాత్రం అది బూడిద పూసుకున్నట్టు వచ్చింది. దానికి మైనస్ వైపు తిప్పాల్సి వచ్చింది.

ఇందులో మాయ ఏమీ లేదు. ఎదురుగా ఉన్నది పువ్వో కుక్కో కెమెరాకు తెలియదు. లోకమంతా తెలుపుకూ నలుపుకూ నడిమధ్య రంగులో ఉంటుందని దాని నమ్మకం. ఎదుట అంతా తెల్లగా ఉంటే, వెలుతురు ఎక్కువైందనుకుని మసక చేస్తుంది. అంతా నల్లగా ఉంటే, చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచుతుంది. అది పొరబడిందని మనిషి చెప్పడానికే ఆ గుండీ. సున్నా అంటే సరైనది అని అర్థం కాదు, మనిషి ఇంకా నోరు విప్పలేదని అర్థం. నోరు విప్పకుండా ఉండటం నాకు పుట్టుకతోనే చేతకాదు.

ఇప్పుడు చేను సంగతి. మా చెల్లెలూ మరిదీ మానవపాడు మండలంలో ఒక ఊళ్లో భూమి కౌలుకు తీసుకుని సీడ్ పత్తి వేస్తారు. గద్వాల వైపు దీని గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ఇది దూది కోసం కాక విత్తనం కోసం పండించే పత్తి. చేనులో ఎక్కువ వరుసలు ఆడమొక్కలు, ఒక పక్కన కొన్ని వరుసలు మగమొక్కలు. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా, మర్నాడు విచ్చుకోబోయే ఆడమొగ్గల్ని గోటితో ఒలిచి వాటిలోని పుప్పొడి తీసేస్తారు. పొద్దున్నే మగపువ్వులు తెంపుకొచ్చి, ఒలిచిన మొగ్గ ఒక్కొక్కదానికీ రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. నిన్న ఒలిచిన మొగ్గకు ఇవాళ మధ్యాహ్నంలోగా రుద్దకపోతే అది కాయ కాకుండానే రాలిపోతుంది. రేపు చూద్దాంలే అనుకునే పని కాదు.

ఆ ఏడు వాళ్లకిచ్చిన రకంలో ఆడపువ్వుది మీగడ రంగు, మగపువ్వుది పసుపు. ఆడవరుసల్లో పసుపు పువ్వు పూసిందంటే ఆ మొక్క కల్తీ. ఎక్కడో ఒకటీ అరా అయితే పీకి పారేస్తారు. చేనంతా అలాగే ఉందని తేలితే ఆ గింజ కంపెనీ తీసుకోదు, క్రాసింగ్ ఆపించి చేను దున్నిస్తుంది. కంపెనీకీ రైతుకీ మధ్య ఆర్గనైజర్ అని ఒకాయన ఉంటాడు. విత్తనం తెచ్చిచ్చేదీ ఆయనే, చేను ఎలా ఉందో కంపెనీకి చెప్పేదీ ఆయనే. కంపెనీ ముఖం రైతు చూడడు, రైతు ముఖం కంపెనీ చూడదు. ఇద్దరికీ ఆయన ముఖమే.

ఒక సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది.

"అక్కా, చేను దున్నాలంటుండు."

"ఎవరు?"

"ఆర్గనైజర్. ఆడమొక్కల పువ్వు పసుపొచ్చిందంట. కంపెనీకి ఫోటో గూడ పంపిండంట. రేపటి సంది క్రాసింగ్ ఆపమన్నడు."

"పసుపొచ్చిందా మరి?"

"నాకైతే మీగడ తీరుగనే కనిపిస్తుంది. ఆయన ఫోన్ల మాత్రం పసుపున్నదక్కా. నా కండ్లే మోసం జేస్తున్నయేమో అనిపిస్తుంది."

ఇరవై ఏళ్లుగా పత్తి చేనులో బతుకుతున్న మనిషి, ఫోన్ తెర చూసి తన కళ్లను అనుమానించింది. ఆ మాటే నన్ను మండించింది. ఫోటో పంపమన్నాను. పంపింది. ఒలవకుండా తప్పిపోయిన మొగ్గ ఒకటి విచ్చుకుంటే దాన్ని తెంపి, గుడ్డ మీద పెట్టి తీసినట్టున్నాడు. పువ్వు నిజంగానే పసుపుగా, మాసినట్టుగా ఉంది.

"కింద గుడ్డ ఎవరిది?"

"నాదే. కంపెనోళ్లు జూసే ఫోటో గదా, మట్టి మీద ఎందుకని కొత్త తువ్వాల పరిచిన."

మా వైపు అంతే. గింజైనా కాయైనా బయటి పెద్దమనిషికి చూపించాలంటే కింద శుభ్రమైన గుడ్డ పడాల్సిందే. మట్టి మీద పెట్టి చూపిస్తే మర్యాద కాదు. మా అమ్మ కూడా వేరుశనగ కాయలు కొనేవాళ్లకు కొంగు పరిచి చూపించేది.

"ఆ తువ్వాల ఏం రంగుది?" అని అడిగాను.

"తెల్లది."

"ఫోటోల జూడు. ఏం రంగున్నది?"

"మట్టి రంగున్నది" అంది.

"కొత్త తువ్వాలను మట్టి రంగు జేసిన ఫోటో, పువ్వును మాత్రం ఉన్నదున్నట్టు చూపెడుతదా?"

"గీ ముచ్చట నువ్వొచ్చి ఆయనకు జెప్పు. నేను జెప్తే ఆడిదానికేం తెల్సంటడు."

"నేను మగోన్నా?"

"నువ్వు లెక్చరర్‌వి" అంది చెల్లె.

మర్నాడు సెలవు పెట్టి, గద్వాల మీదుగా బస్సులు మారి పొద్దున్నే చేను చేరాను. క్రాసింగ్‌కు వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద వరసగా కూర్చుని ఉన్నారు. నిన్న ఒలిచిన మొగ్గలు చేనంతా ఎదురుచూస్తున్నాయి. ఆపమన్నారు కాబట్టి ఎవరూ చేయి పెట్టడం లేదు. వాళ్లలో రాయచూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాటల్లో కన్నడం కలిసి ఉంటుంది, చూడు అనడానికి నోడు అంటుంది. నా మెడలో కెమెరా చూసి, "నోడక్కా, నోడు. ఫోటోలేమో పువ్వుకు, ఎండేమో మాకు" అంది. అందరూ నవ్వారు. మా చెల్లె నవ్వలేదు.

అదే తువ్వాల పరిపించాను. ఆడపువ్వు పెట్టి సున్నా మీద తీశాను. ఆర్గనైజర్ ఫోటోలాగే వచ్చింది, తువ్వాల మాసిపోయి, పువ్వు పసుపు తిరిగి. ప్లస్ వైపు తిప్పి మళ్లీ తీశాను. తువ్వాల తెల్లగా, పువ్వు మీగడగా వచ్చాయి. ఆడవాళ్లంతా నా వెనక చేరి కెమెరా తెరలోకి తొంగిచూశారు.

"ఇగో, గిప్పుడు తువ్వాల ఉతికినట్టయింది" అంది పెద్దావిడ.

అప్పుడే ఆర్గనైజర్ బండి దిగాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. నెమ్మదిగా మాట్లాడేవాళ్లతో గొడవ పడటం కష్టం. మన గొంతే పెద్దగా వినిపిస్తుంది.

"మేడం, మీరు చదువుకున్నోళ్లు. గుండీలు తిప్పి తెల్లగ జేస్తే ఎట్ల?"

"మీరెట్ల తీసిండ్రన్నా?"

"నేనే గుండీ ముట్టలే. ఉన్నదున్నట్టు తీసిన."

"మీరు ముట్టలే, నిజమే. మీ ఫోనే ముట్టింది. తువ్వాల తెల్లగున్నదని బెదిరి మొత్తం మసక జేసింది. మీ ఫోన్ల గూడ తెర మీద వేలు పెట్టి పైకి జరిపితే వెలుతురు పెరుగుతది. జరిపి చూసిండ్రా?"

"నేనెందుకు జరుపుత మేడం? జరిపితే నా చేయి పడ్డట్టే గదా."

ఇదీ ఆయన వాదన. చేయి పడకపోతే నిజం, పడితే అబద్ధం. ఇలా అనుకునేవాళ్లు ఆయన ఒక్కడే కాదు, మా స్టాఫ్ రూమ్ నిండా ఉన్నారు. యంత్రం తప్పు చేస్తే అది ఎవరి తప్పూ కాదు. మనిషి దిద్దితే మాత్రం అది మనిషి తప్పు.

ఆయన తక్కువవాడేం కాదు. ఒక మంచి ప్రశ్న వేశాడు. "సరే మేడం. నిజంగనే పసుపున్న పువ్వును గూడ గిట్లనే తిప్పి తెల్లగ జేయొచ్చు గదా?"

"చేయొచ్చు" అన్నాను.

మా చెల్లె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, నేను ఆమెను అమ్మేసినట్టు. అబద్ధం చెప్పి గెలవమంటే నావల్ల కాదు. ఆయన ప్రశ్న సరైనది, దానికి సరైన జవాబు కావాలి.

"ఒక మగపువ్వు తెంపుకరా" అన్నాను చెల్లెతో.

తెచ్చింది. చామంతి పసుపు. దాన్ని ఆడపువ్వు పక్కనే అదే తువ్వాల మీద పెట్టాను. మొదట సున్నా మీద తీశాను. రెండూ మాసినట్టుగా, అక్కాచెల్లెళ్లలా వచ్చాయి. తర్వాత ప్లస్ ఒకటి మీద తీశాను. తువ్వాల మన కంటికి ఎంత తెల్లగా ఉందో అంతే తెల్లగా వచ్చింది. దాని మీద పసుపు పసుపుగానే, మీగడ మీగడగానే ఉన్నాయి. చివరికి గుండీని ఎంతదాకా పోతే అంతదాకా తిప్పి మూడోది తీశాను. అందులో రెండు పువ్వులూ తెల్లబడ్డాయి, తువ్వాల నేత కూడా కనిపించకుండా పోయింది. మూడూ ఆయన ముందు పెట్టాను.

"జూసిండ్రా" అన్నాడు ఆయన గట్టు వైపు తిరిగి, మూడోదాని మీద వేలు పెట్టి. "పసుపు పువ్వును తెల్లగ జేసింది. మేడమే జేసింది, నేను గాదు."

నేను పైన చెప్పిన కథ పుట్టింది ఆ నిమిషంలోనే. నాకు నష్టం చేసే ఫోటోను కూడా దాచకుండా చూపించాను కదా, ఊరికి అదొక్కటే గుర్తుండిపోయింది.

"నేను మూడు జూపిచ్చినన్నా. మీరు ఒకటే జూపిచ్చిండ్రు. మూడిట్ల ఏది నిజమో నన్ను అడగొద్దు, తువ్వాలను అడుగుండ్రి. మీ కంటికి తువ్వాల ఎట్ల కనిపిస్తుందో ఏ ఫోటోల అట్లనే ఉందో, పువ్వు రంగుకు గూడ అదే సాక్ష్యం. ఆ ఒక్కటి కంపెనీకి పంపుండ్రి."

"ఒకటి పంపిన మేడం. మళ్లొకటి పంపితే నా మాట పోతది."

"మీ మాట పోవద్దని చేను పోవాల్నా?"

ఆయన బండి వైపు నడిచాడు. బండెక్కుతూ చెల్లెతో మాత్రం అన్నాడు: "క్రాసింగ్ ఆపమన్న. ఇగ నీ ఇష్టం. రేపు కూలి మునిగితే నన్నడగొద్దు."

బండి చప్పుడు దూరమయ్యాక నేను చెల్లెతో, "పని ఆపకు" అన్నాను. గెలిచిన ఊపులో ఉన్నాను. చెల్లె నా ఊపు తీసేసింది.

"మాటలు మస్తు జెప్తవక్కా. దున్నితే నువ్వు వనపర్తి బస్సెక్కుతవు. నేనీడ ఉంట. ఇవాళ వీళ్లందరితోని పని జేపిచ్చి రేపు ట్రాక్టర్ దిగితే, పోయిందాని మీద ఇంకింత పోతది. ఆపితే మొగ్గలన్నీ రాల్తయి, ఆడు దున్నకున్నా చేను పోయినట్టే. ఏం జేయాల్నో ఇప్పుడు జెప్పు."

నా దగ్గర మాట లేదు. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ. మరిది మెల్లగా, "ఒక దినం ఆగి జూద్దామా?" అన్నాడు. చెల్లె ఆయన వైపు చూడలేదు. ఎండ పైకెక్కుతోంది, మగపువ్వులు వడలడానికి ఎంతోసేపు పట్టదు. ఆమె వంగి ఒలిచిన మొగ్గ ఒకదాన్ని వేళ్లతో తిప్పి చూసింది. తువ్వాల దులిపి తలకు చుట్టుకుని, మగవరుసల వైపు నడిచి పువ్వులు తెంపడం మొదలుపెట్టింది.

"ఏం కూసున్నరు? లెవ్వండ్రి" అంది ఆడవాళ్లతో.

"లేస్తున్నం తల్లీ. పొద్దుగాల్నే జెప్తే గింత ఎండల జేసే పని తప్పేది గదా" అంటూ పెద్దావిడ లేచింది.

ఆ నిర్ణయం ఆమెది. కథలో దాని ఊసే ఉండదు. నేను చేసింది ఇంకొక్కటే పని. ఆ మూడు ఫోటోలనూ మరిది ఫోన్‌లోని సీడ్ రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టించి, కింద ఇలా రాయించాను: "పువ్వును చేతిలో పట్టుకుని చూసి చెప్పండి. ఫోటో చూసి చేను దున్నమంటే దున్నము." ఆర్గనైజర్ కూడా అదే గ్రూపులో ఉన్నాడు. మధ్యాహ్నానికి మరికొందరు రైతులు తమ తెల్లగుడ్డలు మాసిపోయిన ఫోటోలు పెట్టడం మొదలుపెట్టారు. మా చేను కూడా వచ్చి చూడండి, మా చేను కూడా, అని.

గొడవ పెద్దదైతే అందరికీ చెడ్డపేరనుకున్నారో ఏమో, వారం తిరక్కుండానే కంపెనీ మనిషి ఒకాయన కారులో వచ్చాడు. నేను మళ్లీ సెలవు పెట్టి వచ్చి, కెమెరా తెరిచి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన కెమెరా వైపు చూడలేదు. ఆడవరుసల్లో నడుస్తూ, విచ్చుకున్న పువ్వు దొరికిన చోటల్లా తెంపి, ఎండ పడకుండా తన నీడలో అరచేతిలో పెట్టుకుని చూశాడు. చేను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అలాగే నడిచాడు. "ఇది క్రీమే కదా" అన్నాడు ఆర్గనైజర్‌తో, విసుగ్గా. "చేనుకొచ్చి చూడకుండా ఎందుకు పంపుతారు?" కారెక్కి వెళ్లిపోయాడు.

అంతే జరిగింది. నా ఫోటో చూసి ఎవరూ మోసపోలేదు. అసలు చూడనే లేదు. చేను నిలబడింది పువ్వు రంగు వల్లా, ఆ పొద్దున చెల్లె పని ఆపకపోవడం వల్లా. ఆ ఏడు వాళ్ల గింజ కంపెనీ తీసుకుంది.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేనూ నవ్వేసి, మాయల మేడం అన్న పేరు మోసుకు తిరిగేదాన్నే. కంపెనీ మనిషి వెళ్లిపోయాక, ఆడవాళ్లు అన్నం మూటలు విప్పిన వేళ, ఆ పెద్దావిడ నా పక్కన కూర్చుని చెప్పింది.

"నోడక్కా, మేం ఈడికి రాకముందు అవతలూర్ల చేశినం. ఆ చేన్ల గూడ ఈయనే ఫోటో తీసిండు. గిట్లనే పసుపొచ్చిందన్నడు. పని ఆపి మమ్మల్ని పంపిచ్చిండ్రు. వెనకనే ట్రాక్టర్ దిగింది."

"కింద ఏం పరిచిండ్రు?" అని అడిగాను.

"ఆ ఇంటాయన పంచె. తెల్లటిది. చర్చికి కట్టుకపోయేది. ఫోటోకని ఇంటికి పోయి తెచ్చి పరిచిండు."

"నువ్వు జూసినవా పువ్వును?"

"కూలిదాన్ని, నన్నెవరడుగుతరు? పని ఆపుమన్నరు, ఆపినం."

ఆ సాయంత్రమే మరిదిని వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్లాను. ఆ రైతు ఇంటికి తాళం ఉంది. మొగుడూ పెళ్లాం పిల్లలతో సహా బెంగళూరులో బిల్డింగు పనికి పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. కౌలు చేను మాత్రం అక్కడే ఉంది. దున్నిన చాళ్లలో పత్తి మోళ్లు ఎండిపోయి ఉన్నాయి. చూడటానికి ఒక్క పువ్వు కూడా మిగల్లేదు.

అందుకే నాకు ఆ పొగడ్తలంటే మంట. నేను గుండీ తిప్పి మాయ చేశానంటే, గుండీ ముట్టని ఆర్గనైజర్ ఫోటో నిజమన్నట్టే కదా. అప్పుడు ఆ చేను దున్నడం న్యాయమైపోతుంది, ఆ ఇంటి తాళం న్యాయమైపోతుంది. నన్ను మెచ్చుకున్న ప్రతిసారీ వాళ్లకు తెలియకుండానే ఆ చేను మళ్లీ దున్నుతున్నారు.

తర్వాత గద్వాల బస్టాండు దగ్గర ఆర్గనైజర్ ఎదురుపడితే ఆ దున్నిన చేను గురించి అడిగాను. ఆయన ఎప్పటిలాగే నెమ్మదిగా, "అయిపోయిన ముచ్చట మేడం. మీ చెల్లె చేను బాగనే ఉన్నది గదా, ఇంకెందుకు పరేషాన్?" అన్నాడు. ఆ ఫోటో అయినా చూపించమన్నాను. ఫోన్ మార్చానన్నాడు.

మా చెల్లె చేను సంగతి నేను అడగలేదు. నేను అడిగింది వేరే. ఆ తెల్లపంచె మీద పెట్టిన పువ్వును, ట్రాక్టర్ దిగకముందు, ఎవరైనా ఒక్కరు చేతిలోకి తీసుకుని చూశారా? చూస్తే అది ఏ రంగులో ఉంది?